బస్తా బరువు

రాజోలు కాలవ గట్టు మీద
లక్కోజు సోమలింగం గారి కలప అడితి.
రంపం ఆగి చాలాసేపయింది,
పొట్టు ఇంకా దిగలేదు గాల్లోంచి.

"బాస్ గిటారంటే ఏంటమ్మా దీవెనా?"
నాలుగు తీగలండీ, లావుపాటివి.
వాయిస్తున్నంతసేపూ ఎవరికీ పట్టదు,
ఆపితే మాత్రం అందరూ వెనక్కి తిరిగి చూస్తారు.
"ఆయ్," అన్నాడు. "పునాది."

"మెడ మీద బరువెంత?"
పదేళ్లుగా వాయిస్తూ
నన్ను నేను అడగని ప్రశ్న.
ఫోన్లో లెక్క చూసి చెప్పాను:
నాలుగూ శ్రుతికి బిగిస్తే
డెబ్బై అయిదు కిలోల లాగుడు.
"ధాన్యం బస్తా!
రాత్రీ పగలూ దించకుండా,
బొటనవేలు మందం కర్ర మీద."
చెవి మీంచి పెన్సిలు తీశాడు.

పనస, అన్నాను. వీణలకి అదే కదా.
"వీణ ఒళ్లో పడుకుంటుంది. నీది భుజాన వేలాడుద్ది.
రెండు గంటల ఆరాధనయ్యేసరికి
పనస నీ నడుం అడుగుద్ది."
నిద్రగన్నేరు?
"పచ్చిది. రెండు వానాకాలాలు ఆగగలవా?"
మామిడి చితికీ పందిరికీ అన్నాడు.
సరుగుడు వైపు చూశానో లేదో,
"నిటారుగా పెరిగిందల్లా నిటారుగా ఉండదమ్మా."
కొబ్బరి అడగలేదేం అని
తనే నవ్వాడు.

మెడకి మాత్రం ఎక్కువ వెతకలేదు.
పశువుల ఆసుపత్రి పడగొట్టినప్పుడు
వేలంలో పాడుకున్న టేకు గుమ్మం,
దాని నిలువు కమ్మీ ఒకటి.
నలభై ఏళ్లు గేదెలు ఒళ్లు రాసుకున్న చోట
నల్లగా, నున్నగా.
ఒక కన్ను మూసి దారం పట్టి చూశాడు.
"వెంట్రుకవాసి వంగలేదు."
మెట్లు కూర్చే పలకకి తాటి చేవ,
నలుపులో తెల్లటి ఈనెలు.
నా గోరు దిగలేదు దానిలో.

ఇక ఒళ్లు.
మూల గోనెపట్టా కింద ఒక దుంగ.
"ఎనభై ఆరు వరదలో
మా నాన్న తాడేసి లాగాడు.
ఎగువ నించి, ఎక్కడిదో."
పేరు?
చిత్రిక పట్టి, లేచిన పొర
నాలిక మీద పెట్టుకున్నాడు.
"వేప కాదు. గుమ్మడి టేకు కాదు.
మా నాన్నకీ తెలీదు.
మరీ తేలిక, తలుపుకి పనికిరాదని వదిలేశాం."

వేలు మడిచి కొట్టాడు.
చెవికంటే ముందు నా అరికాళ్లకి తెలిసింది,
సఖినేటిపల్లి రేవులో పంటు ఇంజను
ఒడ్డు వదిలేటప్పుడు తెలిసినట్టు.

అంత గోదారి విన్న చెక్క కదండీ, అందుకే...
"చెక్కకి జ్ఞాపకం ఉండదమ్మా.
తేమ ఉంటుంది.
అది పోయిందా లేదా, అంతే మనం చూడాల్సింది."

ఏడు నెలలు పట్టింది.
రెండుసార్లు జిగురు వదిలింది.
ఒకసారి ఆయనే కోపమొచ్చి
మళ్లీ గుమ్మాల పనిలో పడిపోయాడు, అట్లతద్దె దాటేదాకా.

ఇప్పటికీ ముసురు పట్టినప్పుడు
మెడ ఓ పిసరు కదులుతుంది.
లోపలి ఇనప కడ్డీకి పావు తిప్పు తిప్పుతాను.
కాకినాడ నించి వచ్చిన కుర్రాళ్లు
మేపులా అక్కా, మహాగనీయా అని అడుగుతారు.
తెలీదు, అంటాను.
నమ్మరు. దాస్తున్నాననుకుంటారు.

ఒక ఆదివారం సోమలింగం గారు వచ్చాడు.
లోపలికి రాలేదు.
చెప్పులు విడిచి, గుమ్మం కమ్మీకి అరచెయ్యి ఆనించి
పాట అయ్యేదాకా నిలబడ్డాడు కళ్లు మూసుకుని.
నేను నాలుగో తీగని
ఉన్నదాని కంటే గట్టిగా మీటి ఉంటాను.

బయటికొచ్చి అడిగాను: ఎలా ఉందండీ?

"మీ గుమ్మం ఎవడు చేశాడమ్మా?
పచ్చి చెక్క.
వచ్చే వానాకాలానికి తలుపు పట్టేస్తుంది, చూస్కో."