ఏడో వాక్యం

నేను రాసిన మొదటి పుస్తకానికి
పదహారు పేజీలు, రెండు పిన్నులు.
అట్ట మీద నా పేరు లేదు, మోటారు బొమ్మ ఉంది.
కథానాయిక ఏరేటరు,
కోట మండలం గుంటల్లో
రాత్రంతా నీళ్ళు చిలికి
రొయ్యలకు ఊపిరి పోసే రెక్కల మిషను.

యూరియా బస్తా మీది చిన్నక్షరాలు
నాయనకి చదివి వినిపించిన పిల్లని.
అర్థం కానిదాన్ని రెండుసార్లు చదివేదాన్ని,
ఆయన మొదటిసారికే తలూపేవాడు.

ఫత్తేఖాన్‌పేట సందులో కంపెనీ ఆఫీసు.
ఇంజినీరు ఇంగ్లీషులో చెప్పేవాడు,
నేను తెలుగులో వినేదాన్ని.
ఇరవై మూడేళ్ళు నాకు.
"పై కవచమును విప్పవలెను" అని నాలుగో వాక్యం.
"అంతకుముందు విద్యుత్ సరఫరాను నిలిపివేయవలెను" అని ఏడోది.
వ్యాకరణం చక్కగా కుదిరింది.
ప్రూఫులో ఒక్క తప్పు లేదు.

పెంచలయ్య కూడబలుక్కుని చదివే మనిషి.
ఒక వాక్యం చదివి, ఒక పని చేసి,
ఆగిన చోట బొటనవేలు పెట్టి
మళ్ళీ చదువుతాడు.
నేను చెప్పింది చెప్పినట్టు చేసిన
మొట్టమొదటి పాఠకుడు.
నాలుగో వాక్యం దగ్గర కరెంటు కొట్టింది.

ఏడో వాక్యం దాకా రాలేదు.

బతికాడు. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు.
బత్తాయిల సంచి పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను.
"మీరేనా రాసింది?" అన్నాడు.
తిడతాడనుకున్నా.
"అచ్చరాలు బాగా పెద్దయిగా ఏసినారమ్మా,
నాకు అవుపించినాయి" అన్నాడు.

తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని.
ఆ మాట మోసుకుంటూ
ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను.
వడ్లు ఆరబెట్టే మిషను,
పాలల్లో వెన్న కొలిచే పెట్టె,
ఆయాసం బిడ్డకి ఆవిరి పట్టే డబ్బా.
రాసే ముందు ప్రతిదాన్నీ విప్పి, బిగించి,
మిగిలిపోయిన ఒక్క స్క్రూ చేతిలో పట్టుకుని
దిక్కులు చూశాను.
"వలెను"లు మానేశాను.
"ముందు" అనే మాటని ముందే పెట్టడం నేర్చుకున్నాను.

చీమకుర్తిలో రాయి కోసే రంపం దగ్గర
మాల్యాద్రి అన్నాడు:
"చెవి పెట్టండి మేడమ్.
బ్లేడు మొండిదైతే రాయి అరవదు, గొణుగుద్ది."
ఆ గొణుగుడుకి మాట కోసం
తొమ్మిది రోజులు దుమ్ములో నిలబడ్డాను.
దొరకలేదు.
"శబ్దం మారితే ఆపండి" అని రాసి బస్సెక్కాను.
ఒంగోలు దాకా చెవిలో అదే గొణుగుడు.
ఆ బాకీ ఇప్పటికీ తీరలేదు.

ఇప్పుడు కావలిలో, వైండింగ్ షాపు పైగదిలో
సాయంత్రాలు పదకొండు మందికి పాఠం.
"గొడుగు తెరవడం ఎట్టాగో రాయండి" అంటాను.
నవ్వుతారు. మూడు లైన్లు రాస్తారు.
వాళ్ళు రాసింది రాసినట్టు నేను చేస్తాను.
పోయినవారం నూర్జహాన్ గొడుగు
ఫ్యాను రెక్కకి తగిలి రెండు పుల్లలు ఇరిగాయి.
"ముందు పైకి చూడమని రాయలేదు టీచర్" అని
తనే నాలుక కరుచుకుంది.
కిందనుంచి వార్నిష్ వాసన.
ఆ రోజుకి పాఠం అయిపోయింది.
కొత్త గొడుగు నాదే ఖర్చు.

మొన్న పనుండి కోట వెళ్ళాను.
పెంచలయ్య ఇంకా గుంట దగ్గరే కాపలా.
స్టార్టరు డబ్బా పక్కన మేకుకి
ప్లాస్టిక్ కవర్లో నా పుస్తకం,
ఎన్నో అచ్చో నాకే గుర్తు లేదు.
కరెంటు మాట మొదటికి వచ్చిన అచ్చు అయితే అది.
"ముందు కరెంటు తీసేయండి."
దానికీ పైన, ఉన్న కాస్త ఖాళీలో,
వంగని వేళ్ళతో పెన్సిలు రాత:
"ముందల బేటరీ లైటు ఎతుక్కో."

చూసి అట్టే నిలబడ్డాను.
ఆయనకి మొహమాటం వేసినట్టుంది.
"కరెంటు తీస్తే చీకటైపోద్ది గదమ్మా,
మీరు పగలు రాసుంటారు" అన్నాడు.