నీళ్ల పొత్తు

నల్లగొండ కలెక్టరేట్ల రెండో అంతస్తు,
జిరాక్స్ మిషను పక్క గది నాది.
ఔట్‌సోర్సింగు కొలువు. జీతం ఎప్పుడొస్తే అప్పుడే ఒకటో తారీఖు.
నా ముంగట మూడు పట్టికలు.

నీళ్లోళ్ల పట్టికల బోర్లున్నయి, మనుషుల్లేరు.
బోరు నంబరు పద్నాలుగు, ఫ్లోరైడు ఆరు పాయింట్ రెండు,
ఒక సంతకం. అంతే.
దవాఖానోళ్ల పట్టికల ఎముకలున్నయి, నీళ్లు లేవు.
వంగిన మోకాళ్లు, గారపట్టిన పండ్లు,
మెడ తిరుగుతదా అని ఒక గడి,
దాంట్ల అవును, లేకుంటే కాదు.
పింఛన్ల పట్టికల వేలిముద్రలున్నయి,
ఆ వేలు ఎందుకు వంకరపోయిందో లేదు.

ఒక్క ఊరికే మూడు తీర్ల రాత:
గుండ్లకుంట, గుండ్ల కుంట, జి.కుంట.
ఒక దగ్గర కోడు నూట ఏడు, ఇంకో దగ్గర ముప్పై మూడు.
మూడు శాఖలూ ఒక్క క్యాంటీన్లనే చాయ్ తాగుతయి.
పట్టికలు మాత్రం
గెట్టు పంచాదిలున్న పాలోళ్ల లెక్క
మొఖాలు చూసుకోవు.

దేన్నీ కూలగొట్టకు, అన్నీ తెచ్చి ఒక్క కుప్ప పొయ్యకు
అన్నడు శిక్షణకొచ్చిన సారు.
ప్రతి గడినీ ఒక వాక్యం జెయ్యి,
ఎవరు, ఏం సంబంధం, దేనితోని. మూడే ముక్కలు.
నాకు ఐదో తరగతి తెలుగు సారు యాదికొచ్చిండు,
బెత్తంతోని బోర్డు కొట్టుకుంట
కర్త ఏదిరా? కర్మ ఏది? క్రియ ఏది?

అచ్చమ్మ, తాగింది, పద్నాలుగో బోరు.
పద్నాలుగో బోరు, ఉన్న ఊరు, గుండ్లకుంట.
గుండ్లకుంటకు ఒక్కటే చిరునామా,
ఇంకే ఊరికీ లేనిది,
ఎవరు ఎట్ల రాసినా అక్కడికే చేరేది.

పొద్దుగూకేసరికి వాక్యాలు గెట్లు దాటినయి.
అప్పుడు అడిగిన:
నాలుగు దాటిన నీళ్లు తాగి, మెడ తిరగక,
పింఛనుకు నోచుకోనోళ్లు ఎవరెవరు?
ఏ పట్టికకు ఆ పట్టిక చెప్పలేని జవాబు
అరవై ఒక్క పేర్లై తెర మీదికి దిగింది.
ఎందుకో కూసోబుద్ధి కాలేదు,
లేచి నిలబడి చదివిన.

ఇంకొక సంబంధముంటది. చిన్న మాట:
ఇదీ అదీ ఒకటే.
సూదగాని అచ్చమ్మ, భర్త లచ్చయ్య, గుండ్లకుంట.
ఎస్. అచ్చెమ్మ, భర్త లచ్చయ్య, గుండ్లకుంట.
ఇంత కనబడుతుంటే అనుమానమెందుకని
ఒకటే అని రాసి ఇంటికి పోయిన.
రాత్రంతా యంత్రం తన తర్కం తను చేసుకున్నది:
ఆమె చనిపోయింది,
ఆమే ఈమె,
గనక ఈమె చనిపోయింది.
నెల తిరిగేసరికి పింఛను ఆగింది.

బస్సు దిగి, ఆటో ఎక్కి, మిగిలింది నడిచి పోయిన.
చచ్చిపోయిన అచ్చమ్మ
వాకిట్ల చింతపండు గింజలు తీస్తున్నది.
పిలిస్తే మెడ తిప్పలే,
పీటతో సహా మనిషే తిరిగింది.

"ఆమె నా తోడికోడలు బిడ్డా.
ఇద్దరిదీ ఒక్కటే పేరు.
ఆమె పెనిమిటి పెద్ద లచ్చయ్య, నాకు చిన్న లచ్చయ్య.
మొన్న శివరాత్రి ముంగట పోయింది పాపం.
ఆమె వేరు, నేను వేరు.
నీళ్లే ఒకటి."

చెంబుల నీళ్లిచ్చింది.
ఏ బోరుయని అడగబోయి
తాగిన.

ఆఫీసుకొచ్చి 'ఒకటే' కొట్టేసిన.
ఆ జాగల కొత్త సంబంధం ఒకటి రాసిన,
శిక్షణల చెప్పనిది: నీళ్ల పొత్తు.
అచ్చమ్మ, నీళ్ల పొత్తు, అచ్చెమ్మ.
అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా నిజమే.
చివరికి నా పేరు కూడ చేర్చి
చూసి, తీసేసిన.

ఆమె బతికే ఉన్నదని ఫైలు పంపిన.
నాలుగో టేబుల్ మీద ఉన్నదట.
ఆ టేబుల్‌కు నేనింక చిరునామా పెట్టలే.