వల కన్ను

గ్రిమ్స్‌బీలో ఆ శనివారం వాన
పై నించి కాదు, పక్క నించి కొట్టింది.
ఒకప్పుడు చేపలకు పొగపెట్టిన ఇటుకల కొట్టం,
గోడలింకా ఆ వాసన వదల్లేదు.
ఆ గోడలకే మేకులు కొట్టి
లోకాన్ని వేలాడదీశాం:
జార్జియాలో రొట్టెల పొయ్యిలోకి వంగిన ఆడమనిషి నడుము,
సమోవాలో ఒక వీపు, దానిమీద సగం పచ్చబొట్టు,
ఒమన్‌లో పళ్లూడిన పిల్ల, చేతిలో మేకపిల్ల.

టికెట్ లేదని తలుపు మీద పెద్దక్షరాలతో రాశాం.
అయినా జనం జేబులు తడుముకుంటూనే వచ్చారు.
ఊరికే ఇస్తామంటే ఎవరికైనా అనుమానమే.

నా పని గుమ్మం దగ్గర.
చేతిలో లెక్కమిషను, మనిషికో నొక్కుడు.
వచ్చే ఏడు డబ్బివ్వాలంటే
కౌన్సిల్ వాళ్లకు అంకె కావాలి.
వాన తప్పించుకోను దూరినవాడు లెక్కలోకొస్తాడా?
ఒకే పిల్లాడు మూడుసార్లు లోపలికీ బయటికీ ఉరికితే?
టాయిలెట్ ఎక్కడని అడిగి, అటే వెళ్లిపోయినావిడ?
నొక్కేశాను. అందరినీ నొక్కేశాను.

నూట నలభై మూడో నొక్కుడు థెల్మా గ్రాంథమ్.
ఎనభై నాలుగేళ్లు, ప్లాస్టిక్ టోపీ,
కూర్చోడానికి కుర్చీ ఉందా అని మాత్రమే అడిగింది.
కుర్చీలు తెర ముందే ఉన్నాయి.

తెర మీద కళింగపట్నం.
పదకొండు నిమిషాలు.
మైలపల్లి దానయ్య ఇసుకలో కాళ్లు చాపుకుని
బొటనవేలికి వల తగిలించి
చిరుగులు అల్లుతూ మాట్లాడతాడు.
కింద నడిచే ఇంగ్లీషు అక్షరాలు నావి.
"కన్ను పెద్దదైపోయిందమ్మా, ఇంకేం నిలుస్తాది" అని ఆయనంటే
కన్నంటే కన్నే అని రాశాను,
మొహంలో ఉండేది.
మాది మడకశిర. మాకు నీళ్లంటే ట్యాంకరు.

"పాపం, కంటికేమైంది ఆయనకి?"
చీకట్లో గట్టిగానే అడిగింది థెల్మా.
ఎవరో ఉష్ అన్నారు.
తర్వాత ఆమె అక్షరాలు చదవడం మానేసింది.
దానయ్య చేతుల్నే చూసింది.
ఒళ్లో పెట్టుకున్న ఆమె వేళ్లు
కండె లేకుండా, నూలు లేకుండా
గాలికి ముళ్లు వేయడం మొదలెట్టాయి.

పదిహేనో ఏటినించి అల్లిందట.
వంటింటి తలుపు వెనక కొక్కెం,
కొక్కేనికి వల, పొయ్యి మీద బంగాళదుంపలు,
కూలి గజానికింత అని.
"కన్ను కాదమ్మాయ్, మెష్ అంటారు దాన్ని."
కాసేపాగి, "మీ మాటే బాగుందిలే" అంది.
నా భాషలో మాటకి అర్థం
నాకు గ్రిమ్స్‌బీలో తెలిసింది.

"ఇంకోటి. అతనొకటి దాటేశాడు.
మధ్యలో ఎక్కడో, ఎడమ చేతి వైపు."

జనం పోయాక వెనక్కి తిప్పాం.
నిజమే.
సినిమా తీసిన కుర్రాడికీ
మూడురోజులు అక్షరాలు కూర్చిన నాకూ
మెచ్చుకుని ఎంపికచేసిన ముగ్గురికీ కనబడని ఖాళీ.
అర నిమిషం తర్వాత దానయ్య ఆగుతాడు.
సముద్రం వైపు చూస్తాడు.
ఆ ఆగడాన్ని మేమంతా
బతుకు గురించిన ఆలోచన అనుకున్నాం.
కుర్రాడైతే అక్కడ వేణువు కూడా పెట్టాడు.
ఆయన చూపు తిప్పి, వల వెనక్కి లాక్కుని
దాటిపోయినదాన్ని పట్టుకుని ముడేశాడు, అంతే.
"ఆ," అంది థెల్మా,
గుక్క తిప్పుకున్నదానిలా.

ఆదివారం మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాను.
కోటు జేబులోంచి చెక్క కండె తీసి
సమోవా వీపు కింద బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.
వివరం చీటీ ఏదీ అని నిర్వాహకుడు అడిగాడు.
రాస్తానన్నాను. ఇంకా రాయలేదు.

రాత్రి ఫైలు తెరిచి
కన్ను తీసి అసలు మాట పెట్టబోయి
మూసేశాను.

మొత్తం మూడు వందల పదకొండు.
ఇంటికి పోతుంటే బస్సు కుదుపుకి
జేబులో మిషను తనంతట తనే ఒకటి నొక్కుకుంది.
తగ్గించలేదు.
కళింగపట్నం నించి వచ్చినాయన ఒకరున్నారు కదా,
గుమ్మం గుండా రాలేదుగానీ.