గీటురాయి మీద గీత

తొలకరి పడిన మూడో రోజు
జొన్నగిరి చేలల్లో వజ్రాలకు వంగిన నడుముల్లోంచి
ఒక నడుము లేచి, బస్సు పట్టుకొని
పత్తికొండ బజారులో నా కొట్టు ముందు నిలబడింది.
పేరు ఉరుకుందమ్మ. కాళ్ళకింకా ఎర్రమన్ను.

కొంగుముడి విప్పింది.
రాయి కాదు.
అర తులం, పైన పది గురిగింజల ఎత్తు
ఒక ఆడమనిషి ముఖం.

పాయలు పాయలుగా అల్లి నడినెత్తిన చుట్టిన కొప్పు.
కొంచెం ముందుకొచ్చిన గడ్డం.
చుట్టూ అక్షరాలు, మనవి కావు.
తిప్పితే ఇంకొకామె నిలబడి ఉంది,
ఒక చేత దివిటీ, ఒక చేత వెన్నులు.
"కొర్రలే" అంది ఉరుకుందమ్మ.
"వంగిన తీరు చూడప్పా. కొర్రే."

రోము రాణి అయ్యుంటుందన్నాను.
మన మిరియాలకో, నూలుకో, రాళ్ళకో
ఓడెక్కి వచ్చింటుందన్నాను.
"రాజు పెండ్లామా?
ఏం చేసిందని బంగారు మీదికెక్కించినారు?"
తెలియదన్నాను.
"నా బొమ్మా ఉండాది, ఉపాధి పని కార్డు మీద.
కండ్లు మూసుకొన్నప్పుడు తీసినారు."

నేను చూస్తున్నది ముఖం కాదు.
కొప్పు పైన, అంచుకు ఆనుకొని, రెండు బెజ్జాలు.
ఒక్క వెంట్రుక తెగకుండా,
మెడలో వేసుకుంటే ముఖం ఒరగకుండా
కొలిచి వేసినవి.
అది రోము వాని పని కాదు.
ఈ నేల మీదే, కుంపటి ముందు గొంతుకూర్చుని
పైకంగా వచ్చినదాన్ని పతకం చేసిన
మావాడెవడో.
వాని చేయి వణకలేదు.

నలభై ఏండ్లుగా కాసులపేర్లు కరిగిస్తున్నాను.
అప్పులవాళ్ళు తెచ్చినవి, ఆస్పత్రి వాళ్ళు తెచ్చినవి.
లక్ష్మి మీద లక్ష్మి మూసలో పడి
ముందు తామర పోతుంది, తర్వాత చేతులు.
ముఖం చివరన పోతుంది,
ఎందుకో.

రాయి మీద ఒక్కసారి గీశాను.
"కరిగించాల్నా?" పాత అలవాటు, నోరు జారింది.
"ఎంతొస్తాది?"
చెప్పాను.
వేళ్ళు ముడుస్తూ చాలాసేపు లెక్కేసింది
విత్తనాలు, బోరు మోటారు, చెల్లెలి ఆపరేషను.
సర్కారుకు చెప్పాలనే మాట
నా నాలుక చివరే ఉండిపోయింది.
"ఈ రాత్రికి నా పక్కన పండుకోనీలే"
అని మళ్ళీ ముడేసుకొని పోయింది.

ఆ రాత్రి దాటి రెండు వానాకాలాలు.

మైనం అద్ది తుడిచేయాల్సిన గీత,
తుడవలేదు.
ఎవరేం తెచ్చినా దాని పక్కనే గీసి చూస్తున్నాను.
తక్కువే వస్తోంది.