కిలోన్నర

చీటీలో ఏడు వేలు వదులుకుని పాట పాడాను.
"కాసు బంగారం తీసుకుంటావా?" అంది కోటేశ్వరమ్మగారు,
మెట్ల కింద చింతపండు పిక్కలు తీస్తూ.
తీసుకున్నానండీ, కాసుకి సరిపడా.
మెడలో వేసుకునేది కాదు, అంతే.

అరండల్‌పేటలో ఖాజావలి
అట్టపెట్టెని రెండు చేతులా అందించాడు.
"అక్కా, నీ పాత ఎస్సెంపీఎస్ దీన్ని లాగలేదు.
ఎద్దుని మార్చకుండా బండి పెంచితే ఎట్టా?"
ఎద్దుకి ఇంకో తొమ్మిది వేలు.
బ్రాడీపేట నాలుగో లైను దాకా ఆటోలో
ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.
స్పీడ్ బ్రేకర్ల దగ్గర డ్రైవర్‌ని రెండుసార్లు కసిరాను.

నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు.
కొత్తపేటలో ఎక్స్‌రే గది నాది.
పొద్దున్నించీ ఒకటే మాట:
గాలి పీల్చండి, ఆపండి, కదలకండి,
వదలండి.
పగలంతా బూడిద రంగు.
పక్కటెముకలు, గుండె అంచు,
మిర్చియార్డు హమాలీల ఊపిరితిత్తుల్లో సన్నటి మబ్బు.
కిరణం మనిషిలోంచి దూరి వెళ్ళి
అవతల ఏం మిగిల్చిందో, అదే నా జీతం.

పెట్టె విప్పి చేతిలోకి తీసుకుంటే
కిలోన్నర.
చేతులకి ఈ బరువు తెలుసు.
మొన్న మంగళవారం నెలలు నిండని పిల్ల,
ఇంతే, సరిగ్గా ఇంతే,
పలక మీద పడుకోబెడితే పిడికిలి విప్పలేదు.
దాన్ని ఊపిరి ఆపమని అడగలేం.
రెండు ఊపిర్ల మధ్య సందు చూసుకుని
మనమే మీట నొక్కాలి.
ఎందుకు గుర్తొచ్చిందో. గుర్తొచ్చింది.

పాత కార్డు ఊడదీశాను.
ఆరేళ్ళు. రెక్కల మీద బూజుతో కలిసిన ఎర్రటి పొడి.
గుంటూరు గాలి ఎవరింట్లోకైనా చెప్పకుండానే వస్తుంది.
తుమ్మాను, బ్రష్షుతో తుడిచాను, మళ్ళీ తుమ్మాను.
కటకటమంటూనే అది నడిచిన రాత్రులకి
ఏదో అనాలనిపించింది. అనలేదు.
మా వార్డుబాయ్ ఏసోబు కొడుక్కి ఇస్తానన్నాను.
వాడు రెండ్రోజుల్నించి నా కంటే ముందే వచ్చి
ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చుంటున్నాడు,
ఏ ఎముకా విరక్కుండానే.

కొత్తది స్లాటులో కూర్చుంది గాని
బరువుకి ముక్కు కిందికి వాలింది.
ఖాళీ దగ్గుమందు సీసా ఊతం పెట్టాను,
కొలిచి చేసినట్టు సరిపోయింది.
పక్క రేకు మాత్రం మూతపడలేదు.
పడకపోతే పోయింది.

పదకొండున్నరకి ఆట తెరిచాను.
ఏళ్ళ తరబడి నడిచిన వీధే.
పాత కార్డుకి అది ఒట్టి నలుపు,
తడి అని మనమే అనుకోవాలి.
ఇప్పుడు వాన వెలిసింది.
గుంతలో నీళ్ళు,
నీళ్ళలో ఎర్రబోర్డు తలకిందులుగా,
అక్షరం అక్షరం వణుకుతూ,
నేను అడుగేస్తే చెదిరి
ఆగితే మళ్ళీ కూడుకుంటూ.
కిరణం బయల్దేరి గోడకి తగిలి, నీటికి తగిలి
నా కంటి దాకా వస్తోంది,
ఎవరి ఒంట్లోంచీ దూరకుండా,
ఎవరి జబ్బూ మోసుకురాకుండా.

మే నెల. బయట గోడలు ఈ వేళప్పుడు కూడా సెగ కక్కుతున్నాయి.
నేను వంగి గుంతలోకి చూస్తున్నాను.
వెనక నుంచి ఎవడో వచ్చి కాల్చేశాడు.
మళ్ళీ వెళ్ళి అదే గుంత దగ్గర నిలబడ్డాను.
మళ్ళీ కాల్చాడు.
నాలుగోసారికి గమనించాను,
ఊపిరి బిగబట్టి ఉన్నాను.
వదలమని చెప్పేవాళ్ళెవరూ గదిలో లేరు.

అప్పుడు కింద మీటరు దగ్గర టప్పుమంది.
ఏసీ, తెర, వీధి, వాన, అన్నీ ఒకేసారి.
చీకట్లో, మూతపడని రేకులోంచి
ఇంకా వెచ్చటి గాలి మోకాలికి తగులుతోంది.
మెట్ల కింది నుంచి కోటేశ్వరమ్మగారి గొంతు:
"మళ్ళీ నువ్వేనా?"

"నేనేనండీ," అన్నాను.