ఆదివారం రాయకూడదు

వియర్‌డేల్‌లో సీసపు గనులు ఎప్పుడో మూతపడ్డాయి.
చాపెల్ వెనక గదిలో బీరువా మాత్రం
ఈ వారమే తెరుచుకుంది,
తాళంలో కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేస్తే.

ఎలుక కొరికిన అట్ట.
పద్దెనిమిది వందల ముప్పై రెండు, సండే స్కూలు హాజరుపట్టీ.
పిల్లలు నూట నలభై మంది.
పంతుళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా నిండుగా ఉన్నాయి.
పంతులమ్మలంటే ఫలానావారి భార్య, ఫలానావారి పెద్దకూతురు.
ఒక్కచోట, ఎవరు మరిచిపోయి రాశారో, ఒట్టి పేరు:
హెప్సిబా నాట్రస్.

జహీరాబాద్‌లో మా పెద్దమ్మ పేరు హెప్సిబా.
కొండల మీద మంచు కురుస్తుంటే ఇక్కడ ఎదురైంది.

ఆ పేరు పక్క గడిలో సంతకం లేదు.
ఒక ఇంటూ మార్కు.

చదువు చెప్పే మనిషి వేలిముద్ర బాపతేమిటని
వినిఫ్రెడ్ పియర్ట్‌ని అడిగాను.
ఎనభై ఏడేళ్లు ఆవిడకి, మోకాలి మీద వేడినీళ్ల సీసా.
"చదవడమే నేర్పేవాళ్లు. రాయడం కాదు.
ఆదివారం రాయడం పని కింద లెక్క. విశ్రాంతిదినం మీరినట్టే."

కలం పట్టడం పని.
మరి అదే పొద్దున
నూట నలభై మందికి రొట్టె కోసి, టీ కాచి,
కప్పులు కడిగి, బల్లలు తుడవడాన్ని
ఏమనేవారో పట్టీలో లేదు.

వారంలో తక్కిన ఆరు రోజులూ
ఆమె చన్నీళ్లలో చేతులు పెట్టి సీసపు రాళ్లు కడిగేది.
మరి ఎప్పుడు నేర్చుకుందో!
నలభై ఒకటిలో, టీ విందు లెక్కల పుస్తకంలో,
ఈ చాపెల్‌లో ఓ ఆడది రాసిన మొదటి వాక్యం దొరికింది:
"చక్కెర నాలుగు పౌన్లు, అప్పు."

అక్షరాలు ఒకదాన్నొకటి తాకవు.
ఎవరూ దిద్దించని చెయ్యి కదా,
బైబిల్లో అచ్చు చూసి అచ్చులాగే గీసింది;
ప్రతి అక్షరం కాళ్ల కింద ఆ చిన్న చిన్న పీటలతో సహా.
చక్కెర అన్న మాట
ఆదికాండంలోంచి లేచొచ్చినట్టుంది.

తర్వాత నాలుగేళ్లకు కమిటీ మినిట్సులో, వేరే చేతిరాత.
గనిలో కొండచరియ విరిగి ముగ్గురు పోయిన వారం,
పాదిరిగారు మంచులో చిక్కుకుని రాలేదు.
"సోదరి నాట్రస్ ఎక్కువసేపు ప్రార్థన చేసెను."

ఎక్కువసేపంటే?
వినిఫ్రెడ్ వాళ్లింట్లో తరాలుగా చెప్పుకునే మాట:
యెషయాతో మొదలుపెట్టిందట, గని యజమాని దాకా వచ్చిందట,
పొయ్యిలో రెండుసార్లు బొగ్గు వెయ్యాల్సొచ్చిందట.
ఆడదాని నోట ప్రసంగం అనే మాట
కాగితం మీద పెట్టడం ఇష్టం లేక
కమిటీవాళ్లు ప్రార్థనను సాగదీశారు.

ఇవాళ ఆదివారం. హాజరు తొమ్మిది మంది,
నాతో కలిపి.
స్టీవర్డుని కనక పట్టీ నేనే రాయాలి.
పెన్ను మూత పళ్లతో లాగాను.
హెప్సిబా పేరు దగ్గర మొదలుపెట్టి
ఇంకో కాగితం తీసుకున్నాను, ఇంకోటి తీసుకున్నాను.

"పనిచేస్తున్నావా, ఆదివారం పూట?" అంది వినిఫ్రెడ్.
"లేదండీ," అన్నాను,
"ఎక్కువసేపు ప్రార్థన చేస్తున్నాను."

వంటగదిలో కెటిల్ ఈల వేసింది.
ఇద్దరం లేవలేదు.