తేమ శాతం

ఎనుమాముల మార్కెట్టులో పత్తి మోసే ఓదెలు
పొద్దుగాల ఆరింటికే బిడ్డను తోలుకొని వచ్చిండు.
కనుబొమ్మల మీద ఇంకా నిన్నటి దూది.
హన్మకొండలో మా స్కానింగు గది ముందర
ఎవరూ అడగకుండానే చెప్పులు విడిచిండు.

బిడ్డ పేరు సారిక.
మేడారం జాతర ఏడు పుట్టింది,
సారక్క పేరునే కొంచెం తిప్పి పెట్టిన్రు.
తొమ్మిదేళ్లు. మాటలు పదో పన్నెండో.
కుక్కరు కూత పెడితే చెవులు మూసుకొని మంచం కిందికి.
కాజీపేట బ్రిడ్జి మీద నిలబెడితే మాత్రం
కింద గూడ్సు బండి పోయినంత సేపూ నవ్వుతదట.
ఆ నవ్వుకు నా ఫారంలో గడి లేదు.

"గీ మిషిను బొమ్మ తీస్తదా మేడం?"
ఇయ్యాల బొమ్మ కాదన్నా,
మెదడులో ఏ రసాయనం ఎంతుందో చూస్తం.

ఓదెలు తువ్వాల భుజం మార్చుకున్నడు.
"మా యార్డుల గూడ ఉంటది గసొంటిది.
బొరెంల గుచ్చి తేమ చూస్తరు.
పన్నెండు దాటిందా, రేటు కోస్తరు.
నా బిడ్డకు ఎక్కువొస్తే
ఏం కోస్తరు?"

గుచ్చేది లేదు, కోసేది లేదు అన్నా.
రెండో మాట దగ్గర నా గొంతు కొంచెం తగ్గింది.

నిజానికి మాదీ తేమ పంచాయితీయే.
మెదడు నిండా నీళ్లు.
చెవి పెట్టగానే వినబడేది నీళ్ల లొల్లి.
వేలంపాట నడుమ ఎవరో మూలకు కూసొని
పైసలు లెక్కపెట్టుకునే గొణుగుడు లాంటివి మిగతావన్నీ.
ముందు నీళ్లను ఊకోబెట్టాలె.
అప్పుడు నల్లటి తెర మీద ఒక గీత
ఎగుడుదిగుడుగా లేస్తది.
ఉరికించేది గ్లుటమేట్.
ఆగుమనేది గాబా.
అది పక్కదాని నీడలో నక్కి ఉంటది,
రెండు తీర్ల కొలిచి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే గాని
బయటికి రాదు.

"గాబానా? గాబరానా?"

పదకొండేళ్ల నౌకరీలో నాకు తట్టనే లేదు.
గాబరాలో రకారం తీసేస్తే గాబా.
ఆ ఒక్క అక్షరం ఎటు పోయిందో, ఎందుకొచ్చిందో వెతకడానికే
ఇన్ని కోట్ల అయస్కాంతం.

సారిక మాత్రం సొరంగం దాకా వచ్చి ఆగింది.
స్పాంజి దిండ్లను ఒకటొకటిగా కింద పడేసింది.
నా స్టిక్కర్లు, నా బుజ్జగింపులు,
వారం నుంచి ఫోన్లో వినిపించిన టకటక చప్పుడు
ఏదీ పనికి రాలేదు.
అప్పుడు ఓదెలు తువ్వాల కొసన ముడి విప్పిండు.
గింజ తీయని పత్తి, రెండు పిడికిళ్లు.
"కుప్పల తలకాయ పెడితే ఊకుంటది మేడం."

నియమాల కాగితం రెండుసార్లు చదివిన.
ఇనుము వద్దు, వెండి వద్దు, పిన్ను వద్దు.
పత్తి ఊసు లేదు.

పదకొండు నిమిషాలు.
యంత్రం గూడ్సు బండి లెక్క కొట్టుకుంటనే ఉన్నది.
అద్దంలోంచి చూస్తే కాలి బొటనవేలు మాత్రం
దాని లెక్క అది వేసుకుంటున్నది.
తల కదల్లే.

"ఎంతొచ్చింది?"
ఒక్క పిల్ల అంకెతో ఏమీ తెలువదన్నా.
అరవై మందిని కలపాలె, ఇంకో అరవై పక్కన పెట్టాలె.
అప్పుడు కూడా ఒక కాగితం తక్కువంటది,
ఇంకోటి తేడా లేదంటది.

"అంటే కుప్పల పోస్తరు."
అవును.
"పోసినంక నా బొరెం ఏదో దొరుకది."
దొరుకది.

తలూపిండు. కోపం లేదు.
కుప్ప సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.
తొమ్మిదింటికి యార్డుల పాట మొదలైతదని
బిడ్డ పిడికిళ్లు మెల్లగా విప్పి
పత్తిని మళ్లీ తువ్వాల కొసన కట్టుకున్నడు.

ముడి వేసే ముందర ఒకసారి
రెండు వేళ్ల నడుమ నలిపి చూసిండు,
అలవాటు కొద్దీ.
చెమటకు ముద్దయింది.
ఎంత శాతమో ఆయన చెప్పలేదు,
నేను అడగలేదు.